ప్రెసిడెంటక్క మధ్యలో కూర్చున్న రోజు

ఖాజాగూడ మలుపులో కరెంటు స్తంభానికి ఆమె ఫ్లెక్సీ కట్టారు. ఆఫీసు క్యాబ్ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు చూశాను. ఫోటో చుట్టూ గులాబీలు, కింద 'మీ చల్లని మాటలే మాకు దారిదీపాలు' అని పెద్ద అక్షరాలు. నాకు నవ్వొచ్చింది. పక్కన కూర్చున్న అమ్మాయి చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి నా మొహం వంక చూసింది. చచ్చిపోయినామె బొమ్మ చూసి నవ్వే మనిషిని ఎవరైనా అలాగే చూస్తారు. కానీ ఆమె నోట చల్లని మాట విన్నవాళ్ళు ఈ హైదరాబాదులో ఒక్కరుంటే నా ముందుకు తీసుకురండి. ఎనిమిదేళ్ళ పరిచయంలో నేనైతే వినలేదు.

ఆ ఫోటో తీసింది నేనే. కెనడా నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆమె భుజం మీద చెయ్యేసి నిలబడ్డ ఫోటో. ఫ్లెక్సీ వేయించినవాళ్ళు ఆయన్ని కత్తిరించేశారు గానీ చెయ్యి మిగిలిపోయింది. ఎవరిదో తెలియని ఎర్రటి చెయ్యి ఆమె భుజం మీద ఉంది. ఆమె దాన్ని ఈగను చూసినట్టు చూస్తోంది.

అందరూ ఆమెను ప్రెసిడెంటక్క అనేవాళ్ళు. పాలమూరు నుంచి వచ్చి ఐటీ కంపెనీల్లో ఏళ్ళ తరబడి నేల తుడిచిన మనిషి. హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళూ, సెక్యూరిటీ గార్డులూ, క్యాబ్ డ్రైవర్లూ కలిసి పెట్టుకున్న పొదుపు పరపతి సంఘానికి అది పుట్టినప్పటి నుంచీ ఆమే అధ్యక్షురాలు. ఆమె జీవితచరిత్ర నాకు తెలీదు. అడిగితే చెప్పే రకమూ కాదు. 'నీ మొగుడెక్కడక్కా' అని ఒకసారి అడిగితే, 'నీ మొగుడెక్కడ మేడం' అంది. నాకు పెళ్ళి కాలేదని ఆమెకు బాగా తెలుసు.

నేను కదిరి నుంచి వచ్చినదాన్ని. నిజాంపేట హాస్టల్లో ఏళ్ళు గడిపి, ఇప్పుడు హఫీజ్‌పేట్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటున్నాను. ఏ ప్రాజెక్టులో పెట్టాలో తెలియని రోజుల్లో మా కంపెనీ నన్ను సామాజిక సేవ పేరుతో ఆ సంఘానికి పంపింది, కంప్యూటర్ పనులు చేసిపెట్టమని. మొదటి రోజు నేను లోపలికి అడుగు పెట్టగానే ఆమె నన్ను కాదు, నా చెప్పుల్ని చూసింది. నేల అప్పుడే తుడిచారు.

తడి నేల అంటే ఆమెకు ఒక పిచ్చి. ఎక్కడ తడి కనిపించినా చెప్పులు చేతిలో పట్టుకుని గోడ వారగా నడిచేది. ఎవరైనా తొక్కితే, వాడు మేనేజరైనా సరే, 'కండ్లు నెత్తికెక్కినయా సార్' అని అక్కడికక్కడే అడిగేది. ఆ మాటకు రెండు కంపెనీలు ఆమెను పనిలోంచి తీసేశాయి. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆమె మొహం కళకళలాడేది.

ఎవరినైనా కడిగేయాలనుకుంటే ముందు వన్ బై టూ చాయ్ చెప్పేది. తన సగం తాగేదాకా పిల్లల చదువూ, ఊళ్ళో వానలూ మాట్లాడి, గ్లాసు కింద పెట్టాక మొదలుపెట్టేది. ఆమె నుంచి చాయ్ పిలుపు వచ్చిందంటే నిండు ట్రాఫిక్‌లో కూడా బెదరని డ్రైవర్లు కడుపులో బాగాలేదని తప్పించుకునేవాళ్ళు. నాకు ఆ చాయ్ చాలాసార్లు దక్కింది. నా నడక, నా నవ్వు, తిన్న ప్లేటు కడగకుండా వదిలేయడం, ఏదీ వదిలిపెట్టలేదు. హాస్టల్ బాత్రూంలో కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. మళ్ళీ ఆదివారం వెళ్ళేదాన్ని. ఎందుకు వెళ్ళేదాన్నో నన్నడక్కండి.

ఇక ఆ 'మధ్యల కూసునుడు' గురించి చెప్పాలి. అది చెప్పకపోతే ఆమె గురించి ఏమీ చెప్పనట్టే. సంఘంలో ఎవరికి ఏం కావాలన్నా, అప్పు కానీ ఇంకేదైనా కానీ, ఆదివారం మీటింగులో మధ్యలో చాప మీద కూర్చోవాలి. చుట్టూ ఉన్న సభ్యులు వరసగా ఆ మనిషి గురించి తమకు తెలిసిన ఒక్కో చెడ్డమాట చెప్తారు. మధ్యలో ఉన్నవాళ్ళు నోరు విప్పకూడదు. విప్పితే అడిగింది పోయినట్టే. అలా విప్పిన నోటి నుంచి వచ్చిన మాటను ఎవరూ వినలేదన్నట్టే లెక్క. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. నిన్ను మాటన్న మనిషి తర్వాత మధ్యలోకి వచ్చినప్పుడు, నీ వంతులో ఆ మాటకు జవాబు చెప్పుకోకూడదు. వేరే మాట వెతుక్కోవాలి. ఇవన్నీ ఆమె పెట్టిన పద్ధతులే.

ఎందుకక్కా ఇంత కసాయితనం అని మొదట్లో అడిగాను.

"కిస్తు తప్పితే పది మందిమి పోయి ఇంటి ముంగట నిలవడ్తం మేడం. అప్పుడు గల్లీ మొత్తం మాటలంటది. మనోళ్ళ నడుమ పడలేనోడు ఆడ ఎట్ల పడ్తడు?"

ఒకసారి ఆటో కోసం ఒక డ్రైవరు కూర్చున్నాడు. తాగుతాడని ఒకరన్నారు, తమ్ముణ్ణి కొట్టాడని ఒకరన్నారు. ఆమె వంతు వచ్చింది. వీడు తల్లికి పాచిపోయిన అన్నం పెడతాడు, నేను కళ్ళారా చూశానంది. ఆ తల్లి కూడా సభ్యురాలే, అక్కడే కూర్చుని ఉంది. వాడి మెడ నరాలు ఉబ్బాయి. ఒక చేత్తో చాప అంచు పట్టుకుని కూర్చున్నాడు గానీ నోరు తెరవలేదు. అప్పు వచ్చింది. ఆ వారం నుంచి తల్లికి వేడన్నం కూడా వచ్చిందని తర్వాత తెలిసింది.

కెనడాలో ఎక్కడో చిన్న ఊళ్ళోని పరపతి సంఘం వాళ్ళ కంటికి మా సంఘం ఎలా ఆనిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మా కంపెనీ పెద్దల ద్వారా ఉత్తరాలు నడిచాయి. రెండు సంఘాల మధ్య భాగస్వామ్యం అని కాగితాల మీద సంతకాలయ్యాయి. ఏటా చలికాలంలో నలుగురైదుగురు వచ్చి, వారం రోజులు మా మీటింగుల్లో నేల మీద కూర్చుని, కాళ్ళు పట్టేసి, బిర్యానీ తిని, కళ్ళనీళ్ళతో వీడ్కోలు తీసుకునేవాళ్ళు. దుబాసీని నేను.

ఆమె మాటల్ని ఇంగ్లిషులోకి తెచ్చేటప్పుడు నేను చేసిన మోసం అంతా ఇంతా కాదు. ఈ ముసలాయన నేర్చుకోనీకి రాలేదు, ఫోటోలు దిగనీకి వచ్చిండు అని ఆమె అంటే, మీ రాకతో మా గుండెలు నిండిపోయాయంటున్నారు అని చెప్పేదాన్ని. చెడ్డమాటను 'సలహా' అన్నాను. మధ్యలో కూర్చోవడాన్ని 'ఆప్యాయంగా వినడం' అన్నాను. వాళ్ళ దృష్టిలో ఆమె వెన్నలాంటి అవ్వ అయిపోయింది. తమ పత్రికలో ఆమె బొమ్మ వేసి, మేమూ ఈ పద్ధతి మొదలుపెడుతున్నామని రాసుకున్నారు. నేను నాలుగు మాటలు చెప్తే నువ్వు నలభై చెప్తావు, మిగతావి ఎవరివి మేడం అని ఆమె ఒకసారి అడిగింది. ఇంగ్లిషులో అంతేనక్కా అన్నాను. ఆమె నమ్మలేదు.

వాళ్ళు మూడోసారి వచ్చినప్పటి మాట. మధ్యలో ఫోన్లు మోగితే అతిథులకు చిరాకని అందరి చేతా ఆపించాను. ఆమెకు ఆపడం రాక తన ఫోన్ నా చేతికిచ్చింది, నేను మోత మాత్రం తీసేసి పట్టుకున్నాను. నేలలు తుడిచిన రోజుల గురించి ఆమె చెప్తోంది, నేను నా తేనె కలిపి ఇంగ్లిషులో చెప్తున్నాను, పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. అప్పుడు నా చేతిలో ఆమె ఫోన్ అదిరింది. ఆమెకు చదువు రాదు కాబట్టి పేర్ల బదులు మనుషుల ఫోటోలు పెట్టించుకుంది. మా సంఘంలోనే ఉన్న ఒక సెక్యూరిటీ గార్డు భార్య ఫోటో కనిపించింది. కట్ చేశాను. మళ్ళీ వచ్చింది, కట్ చేశాను. మూడోసారి కూడా వచ్చింది, విసుక్కుంటూ కట్ చేశాను.

ఆ పిల్లకు గుండెలో నొప్పి వచ్చింది. రాళ్ళగుట్ట పక్కన రేకుల గదిలో ఒక్కతే ఉంది. మొగుడు ఫోన్ లోపలికి తీసుకెళ్ళనివ్వని గేటు దగ్గర డ్యూటీలో ఉన్నాడు. ఆ బస్తీలో ఎవరికి ఏ ఆపద వచ్చినా ఆటో పట్టుకుని పరుగెత్తుకొచ్చేది ప్రెసిడెంటక్కే. అందుకని ఆమెకే చేసింది. పక్కింటివాళ్ళు చూసి దవాఖానకు తీసుకెళ్ళేసరికి అయిపోయింది. ఫోన్ ఎత్తి ఉంటే బతికేదా? ఏ డాక్టరూ చెప్పలేడు. ఈ మాటను నేను మాత్రలా ఎన్నిసార్లు మింగానో. ఆ సాయంత్రం కబురు తెలిశాక, ఫోన్ తిరిగిచ్చే ముందు, ఆ మూడు కాల్సూ చెరిపేశాను. ఆ పిల్ల ఫోన్ గందరగోళంలో ఎవరు పట్టుకుపోయారో, మళ్ళీ దొరకలేదు.

శవం దగ్గర నిలబడి ప్రెసిడెంటక్క ఏడవలేదు. తిట్టింది. ఒక్క ఫోన్ చేయనీకి నీ చేతులు పడిపోయినయా, నేను రానా, నేను రాననుకున్నవా అని చచ్చిపోయిన పిల్లను తిట్టింది. గార్డు తలుపు దగ్గర కూలబడి వింటున్నాడు. నేను ఆమె పక్కనే నిలబడి విన్నాను. చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు ఉన్నట్టుండి ఆ పిల్ల నాకెందుకు చేయలేదు మేడం అని అడిగేది. ఏమోనక్కా అనేదాన్ని.

మరుసటేడు కెనడా వాళ్ళ ఉత్తరంలో కొత్త సంగతి వచ్చింది. ఇకపై ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉండాలి, మీ సంఘం నుంచి ఒకరు మూడు వారాలు మా దగ్గరికి రావాలి అన్నారు. ఖర్చంతా వాళ్ళదే. ఒక్కరికే చోటు. అక్కడ తెలుగు కుటుంబం ఒకటి ఉంది కాబట్టి దుబాసీ అక్కర్లేదు. ఎవరిని పంపాలో మీ పద్ధతిలోనే తేల్చుకోండి అన్నారు.

"నేను తుడిచిన ఫ్లోర్ల మీదికెల్లి పెట్టెలు గుంజుకుంట ఎంతమంది పోయిండ్రో మేడం," అంది ఆమె. "ఒక్కపారి నేను గుడ గుంజుకుంట పోవాలె."

ఆమె తన కోసం ఏదైనా అడగడం నేను విన్నది అదొక్కసారే. పాస్‌పోర్టు కోసం పుట్టినతేదీ కాగితం లేక నాలుగుసార్లు తిరిగి తిరిగి సాధించింది. చక్రాల పెట్టె కొనుక్కుంది. ఖాళీ పెట్టెను గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు లాగి చూసుకుంటుందని బస్తీ అంతా నవ్వుకుంది. నేనూ నవ్వాను.

నా సంగతి కూడా చెప్పేస్తాను. ఐటీలో ఆన్‌సైట్ అని ఒకటుంది. కంపెనీ మనిషిని విదేశంలో పనికి పంపడం. నాతో చేరినవాళ్ళంతా వెళ్ళొచ్చారు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళూ వెళ్ళారు. వాళ్ళకు ఎయిర్‌పోర్టు క్యాబ్ నేనే బుక్ చేశాను. నన్ను మాత్రం ఎవరూ ఎక్కడికీ పంపలేదు. ఈ కెనడా ఉత్తరాలు రాసింది నేను, వాళ్ళను ఇక్కడ తిప్పింది నేను. ఈమె వెళ్ళి ఏం మాట్లాడుతుంది? నేనూ నెలనెలా పొదుపు కడుతున్న సభ్యురాలినే. నా పేరూ ఇచ్చాను. ఆమె ఒక్కమాట కూడా అనలేదు, మంచిదే, ఇద్దరం కూసుందాం అంది.

నోరు విప్పకుండా ముందు లేచినవాళ్ళదే ప్రయాణం. ముందు ఆమే కూర్చుంది. ఇన్నేళ్ళూ ఆమె చేత మాటలు పడ్డవాళ్ళందరికీ ఆ రోజు వంతు దొరికింది. నీది నోరు కాదు మురికి మోరీ అన్నారు. మొగుణ్ణి తరిమేశావన్నారు. ఆటో డ్రైవరు తల్లి, నిన్నెవలడిగిండ్రు నా అన్నం సంగతి, నా కొడుకు ఇజ్జత్ తీసినవు అంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, మాట్లాడే మనిషి మొహంలోకే చూస్తూ కూర్చుంది. మధ్యమధ్య నిజమేనన్నట్టు తలూపింది. వంతులన్నీ అయిపోయాయి. చివర నేనొక్కదాన్నే మిగిలాను. నేను ఏదో ఒకటి అనేస్తే ఆమె విమానం ఎక్కేస్తుంది. గార్డు నాకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"అక్కా, ఆ రోజు ఈ అన్న పెళ్ళాం నీకు ఫోన్ చేసింది. నువ్వు కట్ చేసినావు. నేను నీ పక్కనే ఉండాను."

ఆమెకు కోపం రాలేదు. ఏడాదిగా జవాబు దొరకని ప్రశ్నకు జవాబు దొరికిన మొహం పెట్టింది. అంటే ఆ పిల్ల చేసింది. కాసేపు నన్నే చూసింది. తర్వాత మెల్లగా నోరు విప్పింది.

"ఆ దినం నా ఫోన్ నీ చేతిల ఉండె మేడం."

ఆటో డ్రైవరు తల్లి, అక్కా, నోరు తెరిచినవు అంది. ప్రెసిడెంటక్క ఆమె వంక తిరిగి, అవును, తెరిచిన అని ఒప్పుకుంది. లేచి, చాప అంచు సరిచేసి, వచ్చి వరసలో కూర్చుంది. పద్ధతి ప్రకారం ఆమె మాట ఎవరూ వినలేదు. నా మాట అందరూ విన్నారు. గార్డు తల దించుకుని నేల మీద వేలితో గీతలు గీస్తున్నాడు.

తర్వాత నేను కూర్చున్నాను. గబగబా మాట్లాడతాననీ, పండక్కి పిలిస్తే రాననీ, చిన్న చిన్న మాటలే అన్నారు. ఆమె వంతు వచ్చింది. ఒక్క మాట చాలు, నేను గార్డు కళ్ళ ముందే ముగిసిపోతాను. కానీ నేనన్న మాటకు జవాబు తన వంతులో చెప్పుకోకూడదు. ఆ పద్ధతి పెట్టింది ఆమే. కొంచెంసేపు ఆలోచించింది.

"మేడం తడి నేల తొక్కుకుంట పోతది," అంది. అంతే.

నేను వెళ్ళాను. అక్కడ వాళ్ళ హాల్లోనూ ఒక చాప వేశారు. నేను నేర్పిన ఇంగ్లిషు ప్రకారం అందరూ తలా ఒక మంచిమాట చెప్తారట. నన్ను కూర్చోబెట్టి ఒకరి తర్వాత ఒకరు, ఎంత నిజాయితీపరురాలివి, ఎంత దయగల మనిషివి అని చెప్పారు. వెక్కి వెక్కి ఏడ్చాను. ఆనందమనుకుని వీపు నిమిరారు. ప్రెసిడెంటు గారు ఎందుకు రాలేదని పెద్దాయన అడిగితే, ఒంట్లో బాగాలేదని చెప్పాను. మూడు వారాలు బాగా తిన్నాను, బాగా తిరిగాను, ఫోటోలు కూడా పెట్టాను.

వచ్చిన వారానికి ఆమె నుంచి చాయ్ పిలుపు వచ్చింది. అప్పటికే పదవి వదిలేసింది. గార్డు ఆమెతో మాట్లాడడం మానేశాడు. ఆమె కూర పంపితే గిన్నె అలాగే తిప్పి పంపేవాడు. బండి దగ్గర వన్ బై టూ చెప్పి, ఆడ నేల ఎవలు తుడుస్తరు, నీళ్ళల్ల ఏం కలుపుతరు అని అడిగింది. చెప్పాను. తన సగం తాగి గ్లాసు కింద పెట్టింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

"ఎన్నిపార్లు చేసింది మేడం?"

"ఒక్కసారే అక్కా."

ఆమె రెండు గ్లాసులూ బండివాడికి అందించింది. "ఒక్కపారే అయితే ఆ పిల్లకు గంత తకలీఫ్ లేకుండె కావొచ్చు," అంది. అని, చెప్పులు సరిచూసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంతకంటే చెప్పుతో కొట్టినా బాగుండేది.

తర్వాత ఏడాది బతికింది. జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. పదకొండో రోజున సంఘం హాల్లో భోజనాలు పెట్టారు. భోజనాల ముందు ఎవరో చాప పరిచి, మధ్యలో ఆమె ఫోటో పెట్టారు. అక్క మనసుకు నచ్చేది ఇదేనని అందరూ చుట్టూ కూర్చున్నారు. ఆమె గురించి తలా ఒక చెడ్డమాట చెప్పారు. చెప్తూ నవ్వారు, నవ్వుతూ ఏడ్చారు. ఆటో డ్రైవరు తల్లి అయితే సగంలోనే ఆపి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇంత మంది ఏడుస్తారని ఆమెకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే, పనిలేదా మీకు అనేది.

నేను ఆలస్యంగా వచ్చి తలుపు దగ్గర చివర కూర్చున్నాను. నా పక్కనే గార్డు. అతని వంతు వచ్చింది.

"నా భార్య ఫోన్ ఎత్తలే," అన్నాడు. "గదొక్కటే. మిగతాదంత మంచిదే అక్క."

తర్వాత వంతు నాది. ఆమెకు ఇక ఏ విమానమూ లేదు, నాకు దాచుకోవలసిన ప్రయాణమూ లేదు. అతని మోచెయ్యి నా మోచేతికి తగులుతోంది. మూడుసార్లు చేసింది, నేనే కట్ చేశాను. ఇంతే చెప్పాలి. అందరూ నా వంక చూస్తున్నారు. నేను నోరు తెరిచాను.

"ఆ రోజు అక్క నోరు మూసుకుని కూర్చోలేకపోయింది," అన్నాను.

నిజమేనని అందరూ తలలూపారు. గార్డు కూడా ఊపాడు.